వజ్రంలోని నలుసు

 

ఈ వారం ధ్యానానికి యోబు గ్రంథము 28వ అధ్యాయం తీసుకుందాం. వీలైతే ముందు బైబిలు తెరిచి ఒకసారి చదువుకుని రండి. గని పనివాళ్ల గురించి ఇంత వివరంగా చెప్పిన అధ్యాయం బైబిలులో మాకు తెలిసి ఇంకొకటి లేదు. మనుషులు దీపాలు పట్టుకుని చీకట్లోకి దిగుతారు. ఊళ్లకు దూరంగా, ఎవరి పాదమూ పడని చోట గోతులు తవ్వి తాళ్లకు వేలాడతారు. పైన పంట పండే నేల, దాని కింద నిప్పు. డేగ కన్ను కూడా చూడని దారిలో మనిషి రత్నాలు వెతుకుతాడు. ఇంతా చెప్పి యోబు ఒక ప్రశ్న వేస్తాడు: రత్నం సరే, జ్ఞానం ఏ గనిలో దొరుకుతుంది? ఈ మాటలన్నీ పిల్లలను పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషి చెబుతున్నాడని మరచిపోకండి. లోతు అంటే ఏమిటో అతనికి తెలుసు.

లోతుల నుంచి పైకి వచ్చిన ఒక చిన్న నలుసు గురించి ఈ వారం మాట్లాడుకుందాం. నలుసు కంటే ముందు అది దాక్కున్న వజ్రం గురించి చెప్పుకోవాలి. వజ్రాల కథ మన ఇంటి కథే.

హైటెక్ సిటీలో పనిచేసే పిల్లలకు గోల్కొండ కోట కొద్ది కిలోమీటర్ల దూరమే. సెలవు రోజున చాలామంది వెళ్లి వచ్చే ఉంటారు. గోల్కొండ వజ్రాలు అని ప్రపంచమంతా అంటుంది గాని గోల్కొండలో గని లేదు. అది అంగడి. రాళ్లు వచ్చింది మన కృష్ణ ఒడ్డు నుంచి. వాటిలో పెద్ద పేరున్న గని పల్నాడులోని కొల్లూరు. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు అక్కడికి వచ్చి చూసి వెళ్లి, 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఆ సంగతులన్నీ రాశాడు. ఆ చోటి పేరును ‘గని’ అని కూడా రాసుకున్నాడు. మనవాళ్లు గని గని అంటుంటే అదే ఊరి పేరు అనుకున్నాడు కాబోలు. అక్కడ సుమారు 60,000 మంది పని చేస్తున్నారని లెక్క చెప్పాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు. ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. వాళ్లు ఏరిన రాళ్లకు మాత్రం పేర్లున్నాయి. టావెర్నియే తీసుకెళ్లి ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రం కొల్లూరుదేనని చరిత్రకారులు భావిస్తారు. తరువాత దాన్ని సానబట్టారు, దొంగలు ఎత్తుకుపోయారు, మళ్లీ సానబట్టారు. ఇప్పుడది హోప్ వజ్రం అనే పేరుతో, 45.52 క్యారట్ల బరువుతో, 1958 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కోహినూరు కూడా కొల్లూరు రాయేనని చెబుతారు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

టావెర్నియే రాసిన ఇంకొక సంగతి ఈ ధ్యానానికి పునాది. రావుల్కొండ అని అతను పిలిచిన మరో గని దగ్గర సాన పట్టేవాళ్ల పనితనం చూశాడు. రాయి శుభ్రంగా ఉంటే పైపైన చక్రం మీద ఆడించి వదిలేస్తారట. లోపల నల్లగానో ఎర్రగానో చుక్క కనబడిందా, ఇక రాయి నిండా పలకలు చెక్కేస్తారట. పలక మీద పలక మెరుస్తుంటే కొనేవాడి కంటికి చుక్క ఆనదు. అంటే ఒక రాయికి పలకలు మరీ ఎక్కువగా ఉంటే, దాచడానికి లోపల ఏదో ఉందని లెక్క.

పెద్ద రాళ్లకూ ఇదే గతి. కోహినూరును 1851లో లండన్ ప్రదర్శనలో పెట్టినప్పుడు జనం అంతగా మెచ్చుకోలేదు. లోపల పచ్చని మచ్చలున్నాయని పరీక్షించినవాళ్లు చెప్పారు. 1852లో దాన్ని మళ్లీ కోయించారు. సుమారు 191 క్యారట్ల రాయి 105.6 క్యారట్లకు దిగింది. ఎక్కువ మెరుపు కోసం దాదాపు సగం రాయి అరిగిపోయింది.

నగల వ్యాపారికి చుక్క అంటే ధర తగ్గించే లోపం. కాని భూమి లోపలి సంగతులు చదివే శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్తే మాట మారిపోతుంది. మచ్చ లేని వజ్రం వాళ్లకు మూగది. స్వచ్ఛమైన వజ్రమంటే ఒట్టి కర్బనం. తాను ఎక్కడ పుట్టిందో, ఎంత లోతులో పెరిగిందో అది చెప్పలేదు. చెప్పగలిగేది లోపల చిక్కుకున్న నలుసు ఒక్కటే. వజ్రం పెరుగుతున్నప్పుడు పక్కనున్న ఖనిజం ముక్కను తనలో మూసేసుకుంటుంది. ఆ తరువాత ఎన్ని కోట్ల సంవత్సరాలు గడిచినా, ఎంత దూరం పైకి వచ్చినా, ఆ ముక్కను గట్టిగా పట్టుకునే ఉంటుంది.

వజ్రాల్లో ఎక్కువ భాగం 150 నుంచి 200 కిలోమీటర్ల లోతులో పుట్టినవని శాస్త్రవేత్తలు చెబుతారు. అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ, తెలంగాణలో నారాయణపేట వైపునూ ఉన్న కింబర్లైట్ అనే రాతి గొట్టాలు, ఒకప్పుడు ఆ లోతుల నుంచి తన్నుకొచ్చిన అగ్నిపర్వతాల దారులే. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు కదా, ఆ రాళ్లు కూడా ఎప్పుడో భూమి లోపలి నుంచి పైకి వచ్చినవే. కాని గోల్కొండ పెద్ద వజ్రాల వంటివి, నీళ్లలా తేటగా ఉండే భారీ రాళ్లు, ఎక్కడి నుంచి వచ్చాయో చాలాకాలం ఎవరికీ అంతు చిక్కలేదు. కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. వాటిలో నలుసులు బహు అరుదు. ఉన్నా, సాన పట్టేవాడు మొదట కోసి పారేసేది ఆ భాగాన్నే.

2016లో ఇవాన్ స్మిత్ అనే శాస్త్రవేత్త బృందం ఆ కోసి పారేసిన ముక్కలనే అడిగి తీసుకుంది. అలాంటి పెద్ద వజ్రాలకు చెందిన, నలుసులున్న 53 రాళ్లను పరీక్షించింది. వాటిలో ఇనుము, నికెలు కలిసిన లోహపు చుక్కలు దొరికాయి. కొన్నింటిలో విపరీతమైన ఒత్తిడి కింద మాత్రమే పుట్టే సిలికేటు ఖనిజాల ఆనవాళ్లు దొరికాయి. లెక్క కడితే ఆ వజ్రాలు 360 నుంచి 750 కిలోమీటర్ల లోతులో పుట్టాయని తేలింది. 2018లో 46 నీలి వజ్రాలను పరిశీలించి, హోప్ వజ్రం వంటి నీలి రాళ్లు 660 కిలోమీటర్లకు తక్కువ కాని లోతు నుంచి వచ్చినవని అదే శాస్త్రవేత్త బృందం చెప్పింది. మనిషి భూమిలోకి తవ్విన అతి లోతైన బోరు, రష్యాలోని కోలా దగ్గరది, 12 కిలోమీటర్లు దాటి కొంచెమే వెళ్లింది. 660 కిలోమీటర్లంటే దాదాపు హైదరాబాదు నుంచి ముంబయికి ఉన్న దూరం. దాన్ని నిట్టనిలువుగా కిందికి ఊహించుకోండి.

ఆ లోతులో ఉండే ఖనిజాల్లో ఒకదాని పేరు డేవ్‌మావోయైట్. కాల్షియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికేటు అది. యురేనియం, థోరియం వంటి వేడి పుట్టించే మూలకాలను తనలో ఇముడ్చుకోగలదు కాబట్టి భూమి లోపలి వేడిలో దానికీ పాత్ర ఉంది. అక్కడ దానికి కొరత లేదు. పై నేల మీద మాత్రం అది నిలవదు. మనం పీల్చే గాలి ఒత్తిడికి రెండు లక్షల రెట్లకు పైగా నొక్కి పెడితేనే దాని రూపం దానికి ఉంటుంది. ఆ ఒత్తిడి వదిలితే గాజులా కూలిపోతుంది. ప్రయోగశాలలో దాన్ని 1975 నుంచే తయారు చేస్తున్నారు. అయినా దానికి ఖనిజంగా పేరు పెట్టలేదు. ప్రకృతిలో దొరికిన నమూనా చూపించనిదే ఖనిజానికి పేరు ఇవ్వరాదని ఆ శాస్త్రంలో నియమం. ఉందని అందరికీ తెలుసు, సాక్షి మాత్రం లేడు. సాక్షి లేక పేరు లేదు.

ఆ సాక్షి 2021లో దొరికింది. ఆఫ్రికాలోని బోట్స్వానా దేశంలో ఒరాపా గని నుంచి వచ్చిన వజ్రం అది, ఇంచుమించు పెసరగింజంత. 1987లో అమెరికాలో ఒక ఖనిజ శాస్త్రవేత్త దాన్ని వ్యాపారి దగ్గర కొన్నాడు. లోపల నల్లని నలుసులున్నాయి. ఒక్కొక్కటి వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఎన్నో ఏళ్ల తరువాత ఒలివర్ షౌనర్ అనే శాస్త్రవేత్త బృందం, వజ్రం వజ్రంగా ఉండగానే, అతి బలమైన ఎక్స్-రే కిరణాలను దాని గుండా పంపి చూసింది. ఆ నలుసుల మీద వజ్రం తన పట్టు వదలలేదు. కాబట్టే ఆ ఖనిజం కూడా తన లోతు రూపం మార్చుకోలేదు. అధిక ఒత్తిడి శాస్త్రంలో పేరు పొందిన హో-క్వాంగ్ డేవ్ మావో పేరు మీద దానికి నామకరణం చేశారు. ఆ నిర్ధారణకు ఆధారం చాలదని 2022లో మరికొందరు శాస్త్రవేత్తలు ప్రశ్న లేపారు కూడా. అందులో తప్పేమీ లేదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదనే సంగతి స్థిరపడాలని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం మనకూ నేర్పింది. సాక్ష్యాన్ని పరీక్షించడం సాక్షిని అవమానించడం కాదు.

ఇక్కడ మన సంఘాల్లో తిరిగే ఒక సందేశం గురించి కూడా చెప్పాలి. రింగ్‌వుడైట్ అని ఇలాంటిదే ఇంకొక సిలికేటు ఉంది. 2014లో బ్రెజిల్ వజ్రం ఒకదానిలో అది దొరికింది. దాని బరువులో ఒక శాతానికి పైగా నీరు ఉందని లెక్క కట్టారు. వెంటనే ‘భూమి కింద మహాసముద్రం దొరికింది, నోవహు జలప్రళయం రుజువైంది’ అని ఫోన్లలో మొదలైంది. ప్రియులారా, ఆ నీరు పారే నీరు కాదు. రాతి స్ఫటికంలో కట్టుబడి ఉన్నది. పిండితే కారేది కాదు. జలప్రళయాన్ని మనం నమ్మేది దేవుని వాక్యం మీద. దానికి ఆసరాగా లేనిదాన్ని ఉన్నట్టు చెబితే, పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం గురించి చెప్పిన దేవునికే అబద్ధ సాక్ష్యం తెచ్చి పెట్టినట్టు. ఆయనకు అది అవసరం లేదు.

సాక్ష్యం అనే మాట వచ్చింది కాబట్టి ఇక మన సంగతికి వద్దాం.

కిందటి సంవత్సరం కొండాపూర్‌లో మన పిల్లలు ఒకరి ఇంట్లో గృహ ప్రార్థన పెట్టుకుంటే మేమిద్దరమూ వెళ్లాం. పాటలయ్యాక సాక్ష్యాల సమయం. ఒకరికి డల్లాస్ ప్రాజెక్టు వచ్చింది. ఒకరికి వీసా స్టాంపు పడింది. ఒక అక్క తెల్లాపూర్‌లో ఫ్లాటు బుక్ చేసుకున్నామని చెప్పింది. అందరం చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పాం. అవి నిజమైన కృతజ్ఞతలు. వాటిని తక్కువ చేయడం లేదు. తరువాత ఒక తమ్ముడి వంతు వచ్చింది. కాసేపు నేల వైపు చూసి, “అయ్యగారూ, నాకు సాక్ష్యమేమీ లేదు. ఉద్యోగం పోయి మూడు నెలలైంది. ఇంట్లో చెప్పలేదు” అన్నాడు.

పొద్దున్నే బ్యాగు తగిలించుకుని గది నుంచి బయలుదేరతాడట. దుర్గం చెరువు దగ్గర బెంచీ మీద కూర్చుంటాడట. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు జనంతో కలిసి తిరిగొస్తాడట. నెల మొదట్లో క్రెడిట్ కార్డు మీద అప్పు తీసి ఊరికి డబ్బు పంపిస్తున్నాడు. పంపకపోతే అమ్మకు తెలిసిపోతుందని. వాళ్లమ్మ మిరప కోతలకు వెళ్తుంది. ఆ చేతుల మంట రాత్రికి కూడా తగ్గదు, అది మన ఊళ్లో తెలియనిదెవరికి? కంపెనీ పేరు అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. అతని అనుమతి తీసుకునే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి, ఫ్లాటు సంగతి చెప్పిన అక్కే నోరు విప్పింది. ఆర్నెల్ల నుంచి తన భర్తకూ ఉద్యోగం లేదని, తన ఒక్క జీతం మీదే ఇంటి వాయిదా కడుతున్నారని, ఆ మాట చెప్పలేకే ఫ్లాటు మాట చెప్పిందని. ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. కనబడే వైపు పలక చెక్కింది, అంతే. ఆ తరువాత ఇంకొకరు మాట్లాడారు. పదిన్నరకు ముగియవలసిన ప్రార్థన ఒంటిగంట దాకా సాగింది. ఏ ప్రమోషను సాక్ష్యమూ ఆ గదిలో వాళ్లను ఒకరికొకరిని అంత దగ్గర చేయలేదు.

ఆ పిల్లల తప్పు ఇందులో ఏముంది? ఆ తోవలో బతుకంతా పలకలు చెక్కే పనే. రెస్యూమెలో ఖాళీ నెల కనబడకూడదు. పెళ్లి సంబంధానికి పంపే ప్రొఫైలులో నాన్న కూలి పని కనబడకూడదు. అద్దె ఇంటి ఓనరు ఊరూ పేరూ ఆరా తీస్తే నాలుక తడబడకూడదు. ఆఫీసులో నవ్వు చెదరకూడదు. ఆదివారం ఆరాధనకు వచ్చేసరికి చెక్కడం ఎంత అలవాటైపోయిందంటే, దేవుని ఎదుట కూడా మెరిసే వైపే తిప్పి చూపిస్తున్నాం. సాక్ష్యమంటే విజయం చెప్పడం అని ఎవరు నేర్పారు? ఊళ్లో ఉన్న మా బోధకులకూ అందులో వాటా ఉంది. జీతం పెరిగినవాళ్లనే స్టేజీ మీదికి పిలిచే సంఘంలో, జీతం పోయినవాడు తన దగ్గర సాక్ష్యం లేదనే అనుకుంటాడు.

యోబు దగ్గర ఏం మిగిలింది చెప్పుకోవడానికి? అయినా ఇన్ని వేల ఏళ్లుగా లోతుల్లో ఉన్నవాళ్లందరూ వెతుక్కుంటూ వచ్చేది అతని పుస్తకానికే. సుఖంగా ఉన్నరోజుల్లో అతనికి ఏడు వేల గొర్రెలుండేవి. ఆ గొర్రెలు ఎవరినీ ఓదార్చలేదు. బూడిదలో కూర్చుని అడిగిన ప్రశ్నలు ఓదారుస్తున్నాయి.

అయితే ఇందులో ఒక జాగ్రత్త కూడా ఉంది. ఆ వజ్రాన్ని చీల్చి నలుసును బయటికి తీస్తే, ఒత్తిడి పోయి అది గాజైపోతుంది. లోతు రూపం చెదిరిపోతుంది. అందుకే వాళ్లు ముందు పగలగొట్టకుండా చూశారు. మన సంఘాల్లో పగలగొట్టే అలవాటు ఒకటుంది. ‘ఫలానా వాళ్ల అబ్బాయి కోసం ప్రార్థన చేయండి, పాపం ఉద్యోగం పోయిందంట’ అని భక్తిగా మొదలవుతుంది. సాయంత్రానికి పాల కేంద్రం దగ్గర అదే మాట వేరే స్వరంతో వినబడుతుంది. ప్రార్థన అంశం అనే పేరుతో ఎంతమంది గుండెలు పగలగొట్టామో దేవునికే తెలుసు. ఒకసారి అలా పగిలినవాడు మళ్లీ నోరు విప్పడు. పైపెచ్చు, మనకు మిగిలేది అతని బాధ కూడా కాదు, దాని గురించిన కబుర్లు.

సంఘం వజ్రంలా ఉండాలి అంటుంటాం. ఎలా మెరవాలా అనే ఆలోచిస్తాం. ఒరాపా వజ్రం చేసిన మేలు మెరవడం కాదు. చిన్న నలుసును, దాని ఒత్తిడితో సహా, జారిపోనివ్వకుండా పట్టుకుంది. ఆ తమ్ముడు చెప్పింది ఆ గది దాటి పోలేదు. వాళ్లమ్మకు కూడా ఎవరూ ఫోను చేయలేదు. రెండు వారాల తరువాత అతనే చేసుకున్నాడు. ఆమె అడిగింది ఒక్కటే: “మిరప కోతలు ఇంకా ఉన్నాయిలేరా. నువ్వు తిన్నావా?” ఉద్యోగం వెంటనే రాలేదు. ఐదు నెలలు పట్టింది, జీతమూ మునుపటికంటే తక్కువే. ఆ ఐదు నెలలూ ఆ గదిలోనివాళ్లు ఒకరి తరువాత ఒకరు అతని గది అద్దె కట్టారు. ఎవరెంత కట్టారో మాకు తెలియదు, తెలుసుకోలేదు.

కీర్తనల గ్రంథము 139 చదివి చూడండి. మనలను పరిశోధించి తెలుసుకునే దేవుడు అక్కడ కనబడతాడు. చీకటి ఆయనకు చీకటి కాదు. రహస్యమైన చోట మనం రూపొందుతున్నప్పుడే ఆయన చూశాడు. ఆయన చూపు మన గుండా వెళ్తుంది గాని మనలను పగలగొట్టదు. మనుషుల ముందు దాచుకోవలసి వచ్చిన రోజున కూడా ఆయన ముందు పలకలు చెక్కే పని లేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాం. యోహాను సువార్త 20వ అధ్యాయంలో తోమా ముందు ప్రభువు నిలబడ్డాడు. మన దేశానికి సువార్త తెచ్చాడని సంప్రదాయం చెప్పే ఆ తోమాయే. అది మరణాన్ని గెలిచిన శరీరం. మూసిన తలుపుల మధ్యకు వచ్చిన మహిమ శరీరం. మరి ఆ శరీరంలో మేకుల గుర్తులు ఎందుకు ఉన్నాయి? సమాధిని తెరిచిన దేవునికి రెండు అరచేతులు నున్నగా చేయడం కష్టమా? ఆయన ఆ గుర్తులను ఉంచాడు. తోమా గుర్తుపట్టింది ముఖకాంతిని చూసి కాదు, ఆ గుర్తులను చూసి. మన ప్రభువు ఎంత లోతు దాకా దిగాడో చెప్పే సాక్ష్యం ఆయన చేతుల్లోనే ఉంది. ఆయన వాటిని ఊరందరికీ ప్రదర్శన పెట్టలేదని కూడా గమనించండి. తలుపులు వేసిన గదిలో, తనవాళ్ల మధ్య, అనుమానంతో నలిగిపోతున్న ఒక్కడి కోసం చేయి చాపాడు.

కాబట్టి హైదరాబాదులో ఉన్న మన పిల్లలకు ఈ నెల ఒక చిన్న పని. మీ తరువాతి గృహ ప్రార్థనలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు, ‘ఈ నెల దేవుడు ఏమిచ్చాడు’ అనే ప్రశ్నతో పాటు ‘ఈ నెల ఎక్కడ నలిగావు’ అని కూడా అడగండి. చెప్పేవాళ్లను చెప్పనివ్వండి, చెప్పనివాళ్లను బలవంతపెట్టకండి. విన్నది ఆ గదిలోనే ఉంచండి. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఈ ఆదివారం పిల్లలకు ఫోను చేసినప్పుడు జీతం గురించి, సంబంధాల గురించి తరువాత అడుగుదురు గాని, ముందు తిన్నావా అని అడగండి. జవాబు వచ్చే దాకా ఫోను పెట్టకండి.

ప్రార్థన: తండ్రీ, కృష్ణ ఒడ్డున మట్టి మోసిన, పేరు తెలియని మా పెద్దలందరి పేర్లూ నీకు తెలుసు. మా పిల్లలు ఏ అంతస్తులో ఏ కుర్చీలో కూర్చుని ఏమి దాచుకుంటున్నారో అదీ నీకు తెలుసు. వాళ్లు చెప్పుకోగలిగిన ఒక్క మనిషినైనా వాళ్లకు దగ్గరగా ఉంచు. వినే మాకు మూసుకునే నోరు ఇవ్వు. గాయపు గుర్తులున్న నీ కుమారుని నామంలో అడుగుతున్నాం. ఆమేన్.